బస్సు ఒకరిది, టికెట్ ఇంకొకరిది: జర్మనీ కంపెనీ రాకతో మన రూట్లలో మారేదేంటి?

బెంగళూరు నుంచి చెన్నైకి, హైదరాబాద్‌కు 99 రూపాయలకే టికెట్ అని 2024 సెప్టెంబరులో ఒక ప్రకటన వచ్చింది. ఇచ్చింది ఫ్లిక్స్‌బస్ అనే జర్మనీ కంపెనీ. కర్ణాటక పరిశ్రమల మంత్రి ఎం.బి. పాటిల్ బెంగళూరులో ఆ బస్సులకు జెండా ఊపారు. దక్షిణాదిలో 33 ఊళ్లకు విస్తరిస్తామని కంపెనీ అప్పుడే చెప్పింది. ఆ జాబితాలో తిరుపతి, విజయవాడ కూడా ఉన్నాయి. అంతకు ఏడు నెలల ముందు, 2024 ఫిబ్రవరిలో, ఢిల్లీ నుంచి ఉత్తరాది ఊళ్లకు ఇదే కంపెనీ ఇదే 99 రూపాయల ఆఫర్‌తో మొదలుపెట్టింది. ఆ కంపెనీ తిరుగుతున్న దేశాల్లో ఇండియా 43వది.

గుర్రంకొండలో కూర్చుని చూస్తే ఇది ఎక్కడో జరిగే పెద్దవాళ్ల వ్యాపారం లాగా కనిపిస్తుంది. కానీ కాదు. మదనపల్లె నుంచి బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లు. గుర్రంకొండ, వాల్మీకిపురం, పుంగనూరు, కుప్పం వైపు ముస్లిం కుటుంబాల్లో బెంగళూరులో పని చేసే కొడుకో, అల్లుడో లేని ఇల్లు తక్కువ. గల్ఫ్‌కు పోయేవాళ్లలో, ఉమ్రాకు పోయేవాళ్లలో చాలా మంది విమానం ఎక్కేది కూడా బెంగళూరులోనే. ఇంకో పక్క డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్‌లు, టింకరింగ్ పని వాళ్లు, ఒకటి రెండు బండ్ల ఓనర్లు కూడా ఈ ఇళ్లల్లోనే ఉన్నారు. అంటే బస్సులో కూర్చునేవాళ్లూ, బస్సు మీద బతికేవాళ్లూ ఒకే కుటుంబంలో ఉండొచ్చు. టికెట్ చవకైతే ఒకరికి లాభం. ఆ చవక ఎవరి జేబులోంచి వస్తోందన్నది ఇంకొకరి బతుకు సమస్య.

కాబట్టి 99 రూపాయల టికెట్ కంటే ముందు అర్థం చేసుకోవాల్సింది ఈ కంపెనీ పని చేసే పద్ధతి.

బస్సుల్లేని బస్సు కంపెనీ

ఫ్లిక్స్‌బస్ పుట్టింది జర్మనీలోని మ్యూనిక్‌లో. ముగ్గురు కుర్రాళ్లు, ఆండ్రే ష్వెమ్‌లైన్, యోఖెన్ ఎంగెర్ట్, డేనియల్ క్రౌస్ కలిసి పెట్టారు. అప్పటిదాకా జర్మనీలో ఊరికీ ఊరికీ మధ్య దూరప్రాంత బస్సులు నడపడం చాలా కష్టం. రైల్వేకు నష్టం రాకూడదని 1930ల నుంచి చట్టమే అడ్డంగా ఉండేది. 2013 జనవరి 1న ఆ చట్టం మారింది. దూరప్రాంత బస్సులకు తలుపులు తెరుచుకున్నాయి. అయినా చిన్న దూరాలకు రక్షణ ఉంచారు. 50 కిలోమీటర్ల లోపు ఉన్న స్టాపుల మధ్య ప్రయాణికులను తీసుకెళ్లడానికి మామూలుగా వీల్లేదు. స్థానిక రైళ్లు, బస్సులు దెబ్బతినకూడదని ఆ ఏర్పాటు.

ఆ ఏడాదే ఫ్లిక్స్‌బస్ రోడ్డెక్కింది. అయితే బస్సులు కొనలేదు. అప్పటికే బస్సులున్న చిన్న చిన్న కుటుంబ కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. బస్సు, డ్రైవరు, డీజిల్, రిపేర్లు వాళ్లవి. ఏ రూట్లో తిప్పాలి, ఎన్ని గంటలకు బయల్దేరాలి, టికెట్ ఎంత, ఎలా అమ్మాలి అన్నది కంపెనీది. బస్సు మీద పేరూ, పచ్చ రంగూ కంపెనీవే. వచ్చిన టికెట్ డబ్బును ఇద్దరూ పంచుకుంటారు.

ఇదే పద్ధతితో పదేళ్లలో చాలా దేశాలకు పాకింది. 2018లో అమెరికా వెళ్లింది. 2019లో టర్కీలో 1926 నుంచి నడుస్తున్న కామిల్ కోచ్ అనే పాత బస్సు కంపెనీని కొనేసింది. 2021లో అమెరికాలో వందేళ్ల చరిత్ర ఉన్న గ్రేహౌండ్‌ను కొన్నది. గ్రేహౌండ్ లాంటి చోట సొంత బస్సులున్నా, అసలు పద్ధతి మాత్రం బండి వేరేవాళ్లది, బుకింగ్ తమది అన్నదే. 2023లో ఈ గ్రూపు 8 కోట్ల మందికి పైగా ప్రయాణికులను మోసి, సుమారు 200 కోట్ల యూరోల ఆదాయం చూపించింది.

ఇండియాలో కూడా బస్సులు స్థానిక ఆపరేటర్లవే. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్–విజయవాడ రూట్లో ఎలక్ట్రిక్ బస్సు ప్రారంభించినప్పుడు కూడా బండి హైదరాబాద్‌కు చెందిన ఈటీఓ మోటార్స్ అనే కంపెనీది. తెలంగాణ రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ దాన్ని ప్రారంభించారు.

ఆర్టీసీ అద్దె బస్సుతో తేడా ఎక్కడ?

బండి ఒకరిది, పేరు ఇంకొకరిది అన్నది మన దగ్గర కొత్తేం కాదు. ఆర్టీసీలో అద్దె బస్సులు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. ప్రైవేటు ఓనర్ బస్సు కొంటాడు, డ్రైవర్‌ను పెట్టుకుంటాడు. ఆర్టీసీ తన పేరు వేసి, తన రూట్లో తిప్పి, కిలోమీటరుకు ఇంత అని అద్దె ఇస్తుంది. తిరుపతి–తిరుమల మధ్య 2022 నుంచి తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సులు కూడా ఈ కిలోమీటరు లెక్కలోనివే.

పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. తేడా అంతా రిస్క్ ఎవరిది అన్న దగ్గరే. ఆర్టీసీ అద్దె బస్సులో పది మంది ఎక్కినా, నలభై మంది ఎక్కినా ఓనర్‌కు వచ్చేది కిలోమీటర్ల లెక్కే. సీట్లు ఖాళీగా పోతే నష్టం ఆర్టీసీది. టికెట్ డబ్బు పంచుకునే పద్ధతిలో మాత్రం సీటు ఖాళీగా పోతే ఓనర్ వాటా కూడా పడిపోతుంది. టికెట్ రేటు నిర్ణయించే అధికారం మాత్రం ఓనర్ చేతిలో ఉండదు.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన రెడ్‌బస్‌తో పోల్చినా తేడా కనిపిస్తుంది. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ తన స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజుతో కలిసి 2006లో బెంగళూరులో దాన్ని మొదలుపెట్టారు. పండక్కి ఊరికి పోవడానికి బస్సు టికెట్ దొరక్క పడిన ఇబ్బందే దానికి మూలం. 2013లో ఐబిబో గ్రూపు దాన్ని కొన్నది. ఆ తర్వాత అది మలేసియా, సింగపూర్, ఇండోనేషియా, పెరూ, కొలంబియా దాకా వెళ్లింది. అంటే మన బస్సు టికెట్ల వ్యాపారం కూడా విదేశాలకు పోయింది. అయితే రెడ్‌బస్‌లో పది ట్రావెల్స్ పేర్లు పక్కపక్కన కనిపిస్తాయి. రేటు పెట్టేది ట్రావెల్స్ ఓనరే. ప్రయాణికుడికి ఓనర్ పేరు తెలుస్తుంది, నచ్చితే మళ్లీ అదే ట్రావెల్స్ వెతుక్కుంటాడు. ఫ్లిక్స్‌బస్ పద్ధతిలో జనం గుర్తు పెట్టుకునేది పచ్చ రంగు బస్సునే. వెనకాల బండి ఎవరిదో చాలా మంది పట్టించుకోరు.

వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు. బస్సు పాతబడితే అమ్మి ఇంకోటి కొనొచ్చు. పదేళ్లు కష్టపడి సంపాదించుకున్న కస్టమర్ ఇంకొకరి యాప్‌లోకి వెళ్లిపోతే వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

ఓనర్ లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలే, ఏ కంపెనీ ఒప్పందంలోనివీ కావు.

బెంగళూరు–హైదరాబాద్ సుమారు 570 కిలోమీటర్లు. 40 సీట్ల బస్సు, సగటు టికెట్ 800 రూపాయలు అనుకుందాం. బస్సు నిండితే వచ్చేది 32,000. కంపెనీ వాటా నాలుగో వంతు అనుకుంటే ఓనర్‌కు మిగిలేది 24,000. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే బండి అయితే 142 లీటర్ల పైనే డీజిల్ కావాలి. లీటరు 95 రూపాయలు వేసుకుంటే దాదాపు 13,500. మిగిలిన 10,500లో టోల్‌గేట్లు, ఇద్దరు డ్రైవర్ల జీతం, టైర్లు, ఇన్సూరెన్స్, పర్మిట్ పన్ను, బ్యాంకు కంతు అన్నీ రావాలి.

ఇప్పుడు బస్సు 60 శాతమే నిండిందనుకుందాం. 24 సీట్లు, 19,200 రూపాయలు. ఓనర్ వాటా 14,400. డీజిల్ పోను చేతిలో మిగిలేది 900 రూపాయలు. టోల్‌కే చాలదు.

ఇక 99 రూపాయల ఆఫర్ నడుస్తున్న రోజుల్లో పరిస్థితి ఏంటి? ఆ తగ్గింపు భారాన్ని కంపెనీ భరిస్తుందా, ఓనర్ వాటాలోంచి కోస్తుందా, కిలోమీటరుకు ఇంత అని కనీస హామీ ఏమైనా ఉందా? ఒప్పందం కాగితంలో మొదట వెతకాల్సిన లైన్ అదే. పెద్ద కంపెనీ రెండేళ్లు నష్టం భరించి మార్కెట్ పట్టుకోగలదు. మల్టీ యాక్సిల్ వోల్వో ఒక్కటే కోటి రూపాయల పైన ఉంటుంది. పొలమో, ఇల్లో తాకట్టు పెట్టి అప్పు తెచ్చినవాడు రెండు నెలలు కంతు కట్టకపోతే ఫైనాన్స్ వాళ్లు బండి తీసుకుపోతారు. ఇద్దరూ పార్ట్‌నర్లే అంటారు గానీ, ఓపిక పట్టే శక్తి ఇద్దరికీ ఒకటి కాదు.

అలాగని ఇందులో ఓనర్‌కు లాభమే లేదనడం కూడా న్యాయం కాదు. ఒక్క బండి ఉన్న ఓనర్ సొంతంగా యాప్ పెట్టుకోలేడు, ప్రకటనలు ఇవ్వలేడు, ప్రతి ఊళ్లో బుకింగ్ ఏజెంటుకు కమిషన్ ఇచ్చుకోలేడు. సీట్లు నింపే పని ఇంకొకరు చూసుకుంటే బండి రోజూ తిరుగుతుంది. ఆగి ఉన్న బండి కంటే తిరిగే బండి నయం. ప్రశ్నల్లా ఒప్పందం ఎన్నేళ్లు, మధ్యలో కంపెనీ రూటు ఆపేస్తే బండి గతేంటి, కంపెనీ కోరిన రంగు, కోరిన మోడల్ కోసం చేసిన ఖర్చు ఎవరిది అన్నవే.

చట్టం ఒకటి, రోడ్డు మీద జరిగేది ఒకటి

జర్మనీలో ముందు చట్టం మారింది, తర్వాత బస్సులొచ్చాయి. ఇక్కడ చట్టం పాత చోటే ఉంది, బస్సులు మాత్రం ముందే వచ్చేశాయి.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బస్సులు రెండు రకాలు. దారిలో ఆగుతూ, ఎవరి టికెట్ వాళ్లకు ఇచ్చే బస్సును స్టేజ్ క్యారేజ్ అంటారు. పెళ్లికో, టూరుకో మొత్తం బండిని ఒకే ఒప్పందం మీద మాట్లాడుకుంటే అది కాంట్రాక్ట్ క్యారేజ్. ఈ రెండో రకం బస్సు దారిలో ఆగి వేరే ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. ముఖ్యమైన రూట్లను ప్రభుత్వాలు ఆర్టీసీకి కేటాయించుకున్నాయి కాబట్టి ప్రైవేటు వాళ్లకు స్టేజ్ పర్మిట్ దొరకడం కష్టం. అందుకే దాదాపు దూరప్రాంత ట్రావెల్స్ బస్సులన్నీ టూరిస్టు పర్మిట్ మీదే తిరుగుతూ ఒక్కో సీటు అమ్ముకుంటున్నాయి. ఇది అందరికీ తెలిసిన రహస్యం. ఆర్టీఓ అధికారులు అప్పుడప్పుడు కేసులు రాస్తారు, ఫైన్ వేస్తారు, బస్సులు మళ్లీ తిరుగుతాయి.

ఆల్ ఇండియా టూరిస్టు పర్మిట్ కోసం 2021లో, మళ్లీ 2023లో కేంద్రం కొత్త రూల్స్ తెచ్చింది. ఆన్‌లైన్లో ఒకే పర్మిట్ తీసుకుని దేశమంతా తిరగొచ్చు. టూరిజం కోసమని తెచ్చిన ఈ పర్మిట్‌ను రోజువారీ బస్సులకు వాడుకుంటున్నారని రాష్ట్రాలు అంటున్నాయి. 2023లో కేరళలో రాబిన్ బస్సు గొడవ ఇదే. 2024లో తమిళనాడు ప్రభుత్వం బయటి రాష్ట్రాల రిజిస్ట్రేషన్ ఉన్న ఆమ్నీ బస్సుల మీద గట్టిగా పడింది. పర్మిట్ ఫీజు, పన్ను ఎక్కడ తక్కువుంటే అక్కడ బండి రిజిస్టర్ చేయించడం, తిప్పేది మాత్రం ఇంకో రాష్ట్రంలో అన్నది మామూలైపోయింది.

దీని అసలు ఖరీదు ఏంటో 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కనిపించింది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకుంటూ వెళ్లి తగలబడింది. బస్సులో ఉన్న 19 మంది నిద్రలోనే కాలిపోయారు. ఆ బస్సు మొదట డామన్ డయ్యూలో రిజిస్టర్ అయి, తర్వాత ఒడిశాకు మారింది. తిరిగింది మాత్రం తెలుగు రాష్ట్రాల మీదుగా. అదే హైదరాబాద్–బెంగళూరు రోడ్డు మీద 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది చనిపోయారు. పన్నెండేళ్ల తేడాతో రెండు ప్రమాదాలు, రెండింటిలోనూ తెల్లవారుజామున మంటల్లో చిక్కుకున్న ప్రయాణికులు.

ఇక్కడ పెద్ద కంపెనీ రాక వల్ల మంచి జరిగే అవకాశం కూడా ఉంది. తన బస్సులు బీఎస్-6 బండ్లని, ఏబీఎస్, ఈఎస్‌సీ లాంటి బ్రేకు, అదుపు ఏర్పాట్లు ఉంటాయని, ప్రతి సీటుకు బెల్టు ఉంటుందని ఫ్లిక్స్‌బస్ ఇండియాలో ప్రకటించింది. దేశమంతా ఒకే పేరుతో తిరిగే కంపెనీకి ఒక్క ప్రమాదం జరిగినా పరువు మొత్తం పోతుంది. ఆ భయం చిన్న ట్రావెల్స్ కంటే ఎక్కువ ఉంటుంది. అయితే పరువు భయం ఒకటి, చట్టపరమైన బాధ్యత ఇంకొకటి. ప్రమాదం జరిగితే మోటారు వాహనాల చట్టం ప్రకారం నష్టపరిహారం కేసు ప్రధానంగా బండి ఓనర్, డ్రైవర్, ఇన్సూరెన్స్ కంపెనీ మీద నడుస్తుంది. ఆర్‌సీ బుక్కులో పేరు ఓనర్‌ది. టికెట్ అమ్మి, రూటు, టైము నిర్ణయించిన కంపెనీ బాధ్యత ఎంత అన్నది చట్టంలోనే స్పష్టంగా రాయాల్సిన అవసరం ఉంది. టైముకు చేరాలన్న ఒత్తిడి ఒకరు పెట్టి, కేసు ఇంకొకరు మోస్తే అది సరైన ఏర్పాటు కాదు.

చాంద్ రాత్ రోజు టికెట్ ఎంత?

ప్రయాణికుల వైపు నుంచి చూస్తే మొదటి విషయం రేటు. ఫ్లిక్స్‌బస్‌లో విమానం టికెట్ లాగే రేటు మారుతూ ఉంటుంది. ముందే బుక్ చేస్తే చవక, సీట్లు నిండే కొద్దీ ఖరీదు. మిగతా యాప్‌లు, ట్రావెల్స్ కూడా ఇదే దారిలో ఉన్నాయి.

ముస్లిం కుటుంబాలకు ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. సంక్రాంతి, దసరా ఏ రోజో ఏడాది ముందే క్యాలెండర్‌లో తెలుస్తుంది. రంజాన్ పండగ అలా కాదు. 29వ రోజా సాయంత్రం చాంద్ కనిపిస్తే రేపే ఈద్, లేకపోతే ఎల్లుండి. బెంగళూరులో పని చేసే కుర్రాడికి సెలవు ఎప్పుడు పెట్టాలో, ఏ రాత్రి బస్సెక్కాలో చివరి నిమిషం దాకా తేలదు. చివరి నిమిషం టికెట్టే అన్నిటికంటే ఖరీదైన టికెట్. రెండు రోజులకూ టికెట్లు తీసుకుని ఒకటి క్యాన్సిల్ చేస్తే, తిరిగొచ్చే డబ్బు కంపెనీ రూల్స్ మీద ఆధారపడి ఉంటుంది. అందుకే రంజాన్‌కు టికెట్ తీసుకునేటప్పుడు రేటు కంటే ముందు క్యాన్సిలేషన్ రూలు, తేదీ మార్చుకునే వీలు చూడాలి. పది ఇరవై రూపాయలు ఎక్కువైనా తేదీ మార్చుకోగలిగే టికెట్ మంచిది. బక్రీద్‌కు ఈ సమస్య లేదు. జుల్ హిజ్జా చాంద్ కనిపించగానే పండగకు పది రోజుల టైము ఉంటుంది, ఆ రోజే బుక్ చేసుకోవచ్చు.

రెండో విషయం బస్టాండు. అమెరికాలో గ్రేహౌండ్‌ను కొన్నప్పుడు ఫ్లిక్స్ గ్రూపు పాత బస్ స్టేషన్ల భవనాలను చాలా వరకు కొనలేదు. వాటిని పాత యజమాని వేరేవాళ్లకు అమ్మేశాడు. 2023లో ఫిలడెల్ఫియాలో స్టేషన్ మూతపడి, ప్రయాణికులు రోడ్డు పక్కన ఫుట్‌పాత్ మీద బస్సు కోసం నిలబడాల్సి వచ్చింది. కూర్చోవడానికి చోటు లేదు, టాయిలెట్ లేదు. మన దగ్గర ప్రైవేటు ట్రావెల్స్ ప్రయాణికుల పరిస్థితి ఎప్పటినుంచో అదే. రాత్రి పదకొండు గంటలకు పిల్లలతో, పెద్దవాళ్లతో రోడ్డు పక్కన, ఏదో హోటల్ ముందు నిలబడాలి. ఆర్టీసీ బస్టాండులో ఎన్ని లోపాలున్నా లైటు, బెంచీ, టాయిలెట్, అడగడానికి ఒక కౌంటర్ ఉంటాయి. ఆడవాళ్లు ఒంటరిగా ప్రయాణం చేసే ఇళ్లకు ఇది టికెట్ రేటు కంటే పెద్ద విషయం.

మూడో విషయం ఏ ఊరికి బస్సు వస్తుంది అన్నది. బెంగళూరు–తిరుపతి బస్సులు కోలార్, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా పోతాయి. పుంగనూరు వాళ్లకు పలమనేరు దగ్గరే. అక్కడ స్టాపు ఇస్తే వాళ్లకు లాభం. కుప్పం వాళ్లకు బెంగళూరు–జోలార్‌పేట రైలు మార్గం ఉంది, చవకైన ప్రయాణం వాళ్లకు ముందు నుంచే అందుబాటులో ఉంది. మదనపల్లెకు రైలు స్టేషన్ ఊరికి దూరంగా సీటీఎం దగ్గర ఉంది, అదీ ధర్మవరం–పాకాల లైను మీద. బెంగళూరుకు బస్సే గతి. ఇక గుర్రంకొండ రాయచోటి–మదనపల్లె రోడ్డు మీద కోట కింద ఉన్న చిన్న ఊరు. యాప్ లెక్కల్లో ఇలాంటి ఊరు నుంచి రోజుకు ఇద్దరో ముగ్గురో దొరుకుతారు. అంతమంది కోసం ఏ పెద్ద కంపెనీ స్టాపు పెట్టదు. గుర్రంకొండ నుంచి మదనపల్లెకు చేర్చేది ఇప్పుడూ, రేపూ ఆర్టీసీ పల్లెవెలుగే.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఐదు రకాల బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. వేరే రాష్ట్రానికి పోయే బస్సులకు ఇది వర్తించదు. కాబట్టి మదనపల్లె దాకా ఉచితం, బెంగళూరుకు టికెట్. దూరప్రాంత, అంతర్రాష్ట్ర రూట్లు ఆర్టీసీకి డబ్బు తెచ్చే రూట్లు. ఆ డబ్బుతోనే నష్టం వచ్చే పల్లె రూట్లను నెట్టుకొస్తుంది. డబ్బు వచ్చే రూట్లన్నీ యాప్ కంపెనీలకు పోయి, ఆర్టీసీ చేతిలో ఖర్చు రూట్లు మాత్రమే మిగిలితే దాని ప్రభావం చివరికి గుర్రంకొండ లాంటి ఊరి బస్సు మీదే పడుతుంది. ప్రభుత్వం ఉచిత ప్రయాణం డబ్బు ఆర్టీసీకి టైముకు ఇవ్వడం ఎంత ముఖ్యమో, ఈ లెక్క చూసుకోవడం కూడా అంతే ముఖ్యం.

పోటీ ఉన్నంత వరకే చవక

జర్మనీలో 2013 నుంచి మూడేళ్లు రేట్ల యుద్ధం నడిచింది. ప్రయాణికులకు పండగే. ఆ తర్వాత ఏమైంది? 2015లో అతి పెద్ద పోటీదారు మైన్‌ఫెర్న్‌బస్ ఫ్లిక్స్‌బస్‌లో కలిసిపోయింది. 2016లో మెగాబస్ యూరప్ వ్యాపారం, జర్మనీ పోస్టల్ కంపెనీ నడిపిన పోస్ట్‌బస్ కూడా దాని చేతికే వచ్చాయి. అదే ఏడాది జర్మనీ రైల్వే తన దూరప్రాంత బస్సు సర్వీసుల్లో ఒకదాన్ని మూసుకుంది. చివరికి దేశంలోని దూరప్రాంత బస్సుల్లో 90 శాతానికి పైగా ఒకే కంపెనీ చేతిలోకి వెళ్లాయి. అక్కడ రైళ్లు బలంగా ఉన్నాయి కాబట్టి బస్సు రేటు మరీ పెరిగితే జనం రైలెక్కుతారు. మదనపల్లె ప్రయాణికుడికి ఆ అవకాశం లేదు.

ఇండియాలో ఒకే కంపెనీకి అంత సులువుగా మార్కెట్ దొరకదు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ఆర్టీసీ ఉంది. వేలల్లో చిన్న ట్రావెల్స్ ఉన్నాయి. ఇంటర్‌సిటీ, జింగ్‌బస్ లాంటి ఇండియా కంపెనీలు కూడా దాదాపు ఇదే బాటలో ఉన్నాయి. కాబట్టి విదేశీ కంపెనీ వచ్చిందని భయపడిపోవాల్సిన పని లేదు. అలాగే 99 రూపాయలు చూసి ఇక ఎప్పటికీ ఇంతే అనుకోవడం కూడా పొరపాటే. టికెట్‌ను చవకగా ఉంచేది పోటీ. ఆ పోటీలో ఆర్టీసీ గట్టిగా ఉన్నంత కాలమే సామాన్యుడికి మేలు.

ఇప్పుడు చూసుకోవాల్సినవి

ప్రయాణికులు: టికెట్ మీద యాప్ పేరుతో పాటు బస్సు నడిపే ఆపరేటర్ పేరు, బస్సు నంబరు ఉన్నాయో లేదో చూడాలి. ఎక్కే ముందు నంబర్ ప్లేట్ ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపాలి. ఎమర్జెన్సీ డోరు, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడున్నాయో కూర్చోగానే చూసుకోవాలి. డబ్బు వాపసు రాకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల కమిషన్‌లో కేసు తాము నివసించే జిల్లాలోనే వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది. ప్రమాద నష్టపరిహారం కేసు కూడా ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. బాధిత కుటుంబం తాము నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు.

బండి కొని ఇలాంటి కంపెనీలకు పెట్టాలనుకునే ఓనర్లు: కనీస హామీ, ఆఫర్ల భారం, ఒప్పందం గడువు, డబ్బు ఎన్ని రోజులకు చేతికి వస్తుంది అన్న నాలుగు విషయాలు రాతపూర్వకంగా లేకుండా అప్పుకు సంతకం చేయకూడదు. ఇంగ్లీషు కాగితం అర్థం కాకపోతే ఒక ఆడిటర్‌కో, లాయర్‌కో చూపించాలి. దానికయ్యే ఖర్చు ఒక నెల కంతు కంటే చాలా తక్కువ.

ప్రజాప్రతినిధులను అడగాల్సిన విషయం ఒకటుంది. గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు వైపు నుంచి గల్ఫ్‌కు, ఉమ్రాకు పోయేవాళ్లు పెట్టెలతో బెంగళూరు ఎయిర్‌పోర్టుకు కారు మాట్లాడుకుని వేల రూపాయలు పెడుతున్నారు. విమానాల టైముకు సరిపోయేలా, లగేజీ పెట్టుకునే చోటుతో మదనపల్లె నుంచి నేరుగా దేవనహళ్లికి మంచి బస్సులు పెరిగితే ఎక్కేవాళ్లు ఉన్నారు. యాప్ కంపెనీ లెక్కలు వేసుకుని ఈ రూటు కనిపెట్టేలోపే ఆర్టీసీ దాన్ని పట్టుకుంటే ఆదాయం సంస్థకే వస్తుంది. మదనపల్లెలో ఆర్టీసీ డిపోలున్నాయి. రోజూ ఎంత మంది ఆ దారిన పోతున్నారో అక్కడివాళ్లకు తెలియని విషయం కాదు.